ఆమె రెండు చేతుల కోసం

నేను ఒక ఉంగరాన్ని. పెళ్ళి ఉంగరాన్నేమో అనుకునేరు, ఫోన్ వెనక అంటించే రింగుని. ఒక రేకు బిళ్ళ, దానికో కీలు, కీలుకి ఒక వలయం, వెనక కాస్త జిగురు. ఏ ఊళ్ళో ఏ యంత్రం కింద పుట్టానో నాకే తెలియదు. కళ్ళు తెరిచేసరికి తునిలో సెల్‌ఫోన్ సామాన్ల కొట్లో మేకుకి వేలాడుతున్నాను.

అక్కడికి వచ్చే మనుషుల్ని చూస్తే నాకు నవ్వొచ్చేది. ఫోన్ కొనేటప్పుడు కూడా చెయ్యనంత ఆలోచన నా రంగు గురించి చేసేవాళ్ళు. గులాబీదా నల్లదా అని అరగంట తర్జనభర్జన పడి, చివరికి ఉత్త చేతులతో వెళ్ళిపోయేవాళ్ళు. నూకరత్నం మాత్రం రంగు వంక చూడనే లేదు.

ఆమె బట్టలు కుడుతుంది. పుట్టుకతోనే వినపడదు, మాటలన్నీ చేతులతోనే. ఆ రోజు అన్న భార్య లోవలక్ష్మిని వెంటబెట్టుకుని వచ్చింది. కొట్టతను నన్ను తీసి, ఇందులో వేలు దూర్చుకుంటే ఫోన్ చచ్చినా జారదని గొప్పగా చెప్పాడు. లోవలక్ష్మి ఆ మాటని చేతులతో చెప్పగానే నూకరత్నం తల అడ్డంగా ఊపింది. నన్ను వంచి, ఫోన్‌ని బల్ల మీద నిలబెట్టి, రెండు చేతులూ వెనక్కి తీసుకుని చూసింది. ఇంకో రింగుతోనూ అలాగే చేసింది, మూడు కాళ్ళ స్టాండుతోనూ అంతే. కొట్టతను అయోమయంగా చూశాడు.

"పట్టుకోడానికి కాదండి," అంది లోవలక్ష్మి. "మా ఆడపడుచు మాటాడాలంటే రెండు చేతులూ ఖాళీగా ఉండాలి."

నిజానికి ఆ స్టాండు నాకంటే ఎంతో గట్టిది. కానీ బట్టల సంచిలో పట్టదు. నేనైతే ఫోన్‌ని అంటిపెట్టుకుని ఎక్కడికైనా వస్తాను. అలా నన్ను ఎంచుకుంది. ఆ రోజు గర్వంతో ఉబ్బిపోయాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

ఆమె భర్త వీరబాబుకీ వినపడదు. కాకినాడలో ఒక బేకరీలో పని, ఆదివారాలు మాత్రమే ఇంటికొచ్చేవాడు. మిగతా రోజుల్లో భోజనాల వేళ వీడియో కాల్ చేసేవాడు. నేను కుట్టుమిషను బల్ల మీద ఫోన్‌ని ఎత్తిపట్టి నిలబడితే, ఆ అరగంటా ఆమె చేతులకి తీరిక ఉండేది కాదు. అలకలు, ఎత్తిపొడుపులు, నవ్వులు అన్నీ చేతుల్లోనే. ఆ వీధిలో అంత గలగలా మాట్లాడుకునే మొగుడూపెళ్ళాలు ఇంకొకరు లేరని నా నమ్మకం.

కాల్ వచ్చేదాకా ఆమెకి ఊరికే ఉండటం చేతకాదు. నన్ను వేలితో గిరగిరా తిప్పుతూ కూర్చునేది. రోజూ అలా తిప్పగా తిప్పగా నా కీలు వదులైపోయింది. నేను జారుతున్నప్పుడల్లా ఫోన్ వెనక దారపు రీలొకటి ఆనించి సర్దుకునేది గాని, నన్ను మార్చేద్దామని ఏనాడూ అనుకోలేదు. మార్చేసి ఉంటే ఎంత బాగుండేది.

వీరబాబుకి జ్వరం ముదిరి ఊపిరితిత్తులకి పాకింది. కాకినాడలోనే ఆసుపత్రిలో చేర్చారు. లోపలికి సాయంత్రం ఒక్కసారే పంపేవారు. మూడో రోజు పొద్దున ఒక నర్సు జాలిపడి, లోపలినుంచి వీడియో కాల్ కలుపుతాను, మాట్లాడుకోమంది. నూకరత్నం వరండాలో ఇనుప బెంచీ మీద నన్ను నిలబెట్టి, ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. దారపు రీలు తునిలోనే ఉండిపోయింది.

తెర మీద వీరబాబు కనపడ్డాడు, కుడిచేతికి సెలైన్ ఉంది. ఎడమచెయ్యి మెల్లగా పైకెత్తాడు. సరిగ్గా అప్పుడు నేను ముడుచుకుపోయాను. ఫోన్ బెంచీ మీంచి జారి బోర్లా కిందపడింది. కాల్ తెగిపోయింది. ఆమె దాన్ని తీసుకుని మళ్ళీ కలిపేలోగా లోపల డాక్టర్లు మంచం చుట్టూ చేరారు. మధ్యాహ్నానికి వీరబాబు లేడు.

దినకార్యాలు అయిన మర్నాడే ఆమె లోవలక్ష్మిని తీసుకుని మళ్ళీ ఆ ఆసుపత్రికి వెళ్ళింది. ఆ నర్సుని వెతికి పట్టుకుని ఒకటే అడిగించింది. ఎత్తిన ఆ చెయ్యి ఏం చెప్పిందో, అర్థం తెలియకపోయినా పరవాలేదు, చూసింది చూసినట్టు చేసి చూపించమని.

"ఏమీ చెప్పలేదండి," అంది నర్సు. "చెయ్యి ఇలా ఎత్తి ఉంచేశారంతే. నేను దింపబోతే వద్దన్నట్టు చూశారు. ఫోన్ నల్లగా అయిపోయినా దాని వంకే చూస్తా ఉన్నారండి."

ఇలా అంటూ నర్సు తన ఎడమచెయ్యి పైకెత్తి చూపించింది. లోవలక్ష్మి ఆ మాటలన్నీ చేతులతో చెప్పింది. నూకరత్నం చేతులు నెమ్మదిగా కదిలాయి. లోవలక్ష్మి వాటిని చూస్తూ నర్సుకి చెప్పింది.

"నేను చూడకుండా ఆయన మాట మొదలెట్టరు అంటందండి."

నేను ఆమె సంచిలో తలదించుకున్నాను. ఆమె కళ్ళు తుడుచుకుంది. నర్సు ఎత్తిన చేతికి ఎదురుగా సరిగ్గా నిలబడి, చూస్తున్నాను, చెప్పమన్నట్టు తల ఊపింది.

నర్సుకి ఆ భాష రాదు. అయినా చెయ్యి దించలేదు.