ఎనిమిది గంటల వార్తల్లో గుర్రుమన్న చప్పుడు

రేడియోలో వార్తలు చదివేవాళ్లకు గొంతు తప్ప ఇంకేమీ ఉండదని వినేవాళ్ల నమ్మకం. ఆ నమ్మకం అలాగే ఉంటే అందరికీ మంచిది. అందుకే ఆ ఊరి రేడియో స్టేషన్‌లో పొద్దున ఎనిమిది గంటల వార్తల్లో, ఒక వార్తకీ ఇంకో వార్తకీ మధ్యనున్న చిన్న విరామంలో గుర్ర్ర్‌మని చప్పుడు వినబడినప్పుడు, అది ఒక మనిషి కడుపులోంచి వచ్చిందని ఎవరికీ తోచలేదు. ఆ కడుపు ఎవరిదో ఆమెకు తప్ప.

ఆమె వార్తలకు కొత్త. అంతకుముందు అదే స్టేషన్‌లో కథలూ, మొక్కల పెంపకం మీద ప్రసంగాలూ రికార్డు చేసేది. తప్పు దొర్లితే ఆపి, నవ్వి, మళ్లీ చదివేది. ఇప్పుడు ప్రత్యక్ష ప్రసారం. నోరు జారితే జారిందే, వెనక్కి తీసుకోవడానికి ఉండదు. స్టేషన్ అధికారిణి, అందరూ మేడమ్ అనే ఆవిడ, కొన్నాళ్లు చూసి ఆ కుర్చీ ఖాయం చేస్తానంది. చిన్నప్పుడు దువ్వెన నోటిముందు పట్టుకుని అద్దంలో వార్తలు చదివిన పిల్లకు, అది కుర్చీ కాదు, సింహాసనం.

అంత ఇష్టపడ్డ పనే ఆమెను తినేస్తోంది. సాయంత్రమయ్యేసరికి కడుపులో ఎవరో ముడి వేసినట్టుండేది. భోజనం ముందు కూర్చుంటే ముద్ద దిగేది కాదు. తెల్లవారగానే ఒక కాఫీ, బస్సెక్కే ముందు ఒక కాఫీ, స్టేషన్ చేరాక ధైర్యం కోసం ఇంకో కాఫీ. ఆ ధైర్యం చేతుల్లోకి వణుకై వచ్చేది, గుండెలోకి దడై వచ్చేది. భుజాలు చెవులదాకా లేచేవి. నోట్లో తడి ఆరిపోయేది. కడుపులో ఎలుకలు పరిగెత్తడం అంటామే, ఈమె కడుపులో అవి పరుగు పందెం పెట్టుకుని, గెలిచినదానికి చప్పట్లు కూడా కొట్టేవి. మైకు మంచిది. పాపం దానికి ఏది వినాలో ఏది వినకూడదో తెలియదు.

మైకు విన్నదాన్ని మొదట పట్టుకున్నది పాముచెవి బాబాయ్. స్టేషన్‌లో తీగలూ మైకులూ చూసుకునే పెద్దాయన. ఏ ఫ్యానుకు నూనె తగ్గిందో పక్కగదిలో కూర్చుని చెప్పేస్తాడు, అందుకే ఆ పేరు. అద్దం అవతల హెడ్‌ఫోన్లు పెట్టుకుని వింటున్న ఆయన మొహం, పాయసంలో రాయి తగిలినట్టు మారింది.

"ఎక్కడో కరెంటు కారుతోందమ్మా," అన్నాడు బయటికొచ్చి. "గుర్రుమంటోంది. నా చెవిని మోసం చెయ్యలేదు, పట్టేస్తాను చూడు."

ఆమె అవునని తలూపింది. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, చేతులు రెండూ పొట్టమీద పెట్టుకుని మరీ తలూపింది. చెప్పేద్దామనుకుంది. కానీ ఎలా చెప్పడం? వార్తలు చదివే మనిషి గొంతు గురించి పదిమందీ మాట్లాడుకోవాలిగానీ పేగుల గురించి కాదుగా!

బాబాయ్ తీగలు మార్చాడు. మైకు మార్చాడు. ఫ్యాను ఆపించాడు, గదిలో అందరూ చెమటతో తడిసిపోయారు. చప్పుడు మాత్రం సమయం తప్పకుండా వచ్చేది. స్టూడియోలో పిల్లిని ఎందుకు పెంచుతున్నారని ఒక శ్రోత ఫోన్ చేసి అడిగాడు. పిల్లికి జబ్బుగా ఉందేమో చూపించమని ఇంకొకావిడ సలహా ఇచ్చింది.

చివరికి మేడమ్ ఇద్దర్నీ పిలిచింది.

"పై సోమవారం నేనే స్టూడియోలో కూర్చుని వింటాను. అప్పటికీ ఆ చప్పుడు పోకపోతే ఎనిమిది గంటల వార్తలు ప్రధాన కేంద్రం నుంచి తెచ్చుకుందాం. ఇక్కడ చదవడం ఆపేద్దాం. నాకూ ఇష్టం లేదు, కానీ నవ్వులపాలవుతున్నాం."

ఆమె మింగలేక, కక్కలేక బయటికొచ్చింది.

మధ్యాహ్నం స్టూడియోలోకి వెళ్లి చూస్తే, బాబాయ్ తివాచీ పీకేసి, మోకాళ్లమీద పాకుతూ గోడవారన తడుముతున్నాడు. చొక్కా నిండా దుమ్ము. లేవబోయి నడుం పట్టుకున్నాడు.

"ఇంక ఈ గోడ పగలగొట్టడమే మిగిలిందమ్మా. రేపు సుత్తి తెస్తా," అన్నాడు. "నీ కుర్చీ పోనివ్వను, దిగులుపడకు."

అదీ ఆమె తట్టుకోలేకపోయింది. తన సిగ్గుకోసం ఆ మోకాళ్లు ఇంకా పాకాలా?

"బాబాయ్, గోడ పగలగొట్టకండి. ఆ చప్పుడు నాది."

"నీదంటే?"

ఆమె పొట్ట చూపించింది. సాక్ష్యానికి పిలిచినట్టు, సరిగ్గా అప్పుడే అది గుర్ర్ర్‌మంది.

బాబాయ్ ఆమె మొహం చూశాడు, పొట్ట చూశాడు, పీకేసిన తివాచీ చూశాడు. ఆమె తిట్లకు సిద్ధపడింది. ఆయన నేలమీదే చతికిలబడి నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లు తుడుచుకుని మళ్లీ నవ్వాడు.

"ఇంత బతుకూ బతికి ఇంటివెనక చచ్చినట్టు, కడుపుకీ కరెంటుకీ తేడా తెలుసుకోలేకపోయానా! ఎవరికీ చెప్పకమ్మా, నా పేరు మారుస్తారు." తర్వాత నవ్వాపి, ఆమెను కిందికీ పైకీ చూశాడు. "అది సరే, అసలు నువ్వు తిని ఎన్నాళ్లయింది?"

ఆ ప్రశ్నకు ఆమెకు ఏడుపొచ్చింది. ఎందుకొచ్చిందో తెలియదు, వచ్చింది. సిగ్గుతో దాచుకున్నదంతా ఆ ఏడుపుతో కొంత కారిపోయింది, ఒళ్లు తేలికైంది.

"ఊరుకో, ఊరుకో. చప్పుడు ఎక్కడిదో దొరికింది కదా," అన్నాడు బాబాయ్. "దొరకడమే కష్టం. బాగుచెయ్యడం ఎంతసేపు?"

బాగుచేసే మనిషి ఆమె ఇంట్లోనే ఉంది. ఆడపడుచు. ఆసుపత్రిలో ఏ రోగికి ఏం పెట్టాలో చెప్పడం ఆవిడ ఉద్యోగం. ఇంట్లో కూడా ఆ ఉద్యోగం మానదు కాబట్టి, ఆమె ఇన్నాళ్లూ ఆవిడ దగ్గర ఈ ఊసెత్తలేదు. ఆ సాయంత్రం ఎత్తింది.

"అయితే ఇన్నాళ్లూ నా కళ్లముందే పస్తులుంటున్నావన్నమాట!" అంది ఆవిడ. "నీ కడుపు తప్పేం లేదు మరదలా. మైకు చూడగానే నీ ఒళ్లు పులిని చూశాననుకుంటోంది. పులి తరుముతుంటే ఎవరైనా ఆగి తిన్నది అరిగించుకుంటారా? రక్తాన్ని కాళ్లకీ చేతులకీ పంపేసి, కడుపుతో నీ సంగతి తర్వాత అంటుంది ఒళ్లు. ఇంక ఆకలెక్కడిది? దానికి తోడు ఖాళీ కడుపులో కాఫీ మీద కాఫీ. ఆ దడలో సగం నీ భయానిదీ, సగం కాఫీదీ."

ఇంత చక్కగా చెబుతూ ఆవిడ ఒళ్లో ఉన్న పెద్ద చిప్స్ పొట్లాం ఖాళీ చేస్తోంది. పక్కనే ఉన్న తమ్ముడు, అంటే వార్తలామె భర్త, అది చూసి ఊరుకోలేదు.

"అందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడిందట. అదేంటక్కా మరి?"

"రేపు మా ఆసుపత్రి వంటగదికి తనిఖీ ఉందిరా," అంది ఆవిడ, చెయ్యి ఆపకుండా. "పులి నా మరదలికి ఆకలి చంపితే నాకు పెంచుతుంది. ఎవరి పులి వాళ్లది." అని, కాస్త సిగ్గుపడి, పొట్లాం తమ్ముడికి ఇచ్చేసింది. "ఇక మీదట ఇద్దరం కలిసి బాగుపడదాం."

"వేళకి సరిగ్గా తింటే భయం పోతుందా వదినా?"

"పోదు. భయానికి మందు పండ్లకొట్లో దొరకదు. కానీ కడుపులో ఇంత ఉంటే, భయమొక్కటే ఉంటుంది. దానికి ఆకలి తోడవ్వదు. ఒక్కదానితో వేగొచ్చుగా."

మర్నాటి నుంచి మొదలయ్యాయి పరీక్షలు. ఇవి ఆడపడుచు చెప్పినవి కావు, బాబాయ్ బుర్రలో పుట్టినవి. మధ్యాహ్నం ఖాళీ స్టూడియోలో ఆమెను కుర్చీలో కూర్చోబెట్టి, మైకు పెట్టి, ఆయన అద్దం అవతల హెడ్‌ఫోన్లతో కూర్చునేవాడు. ఆమె ఏదో ఒకటి తిని, కాసేపాగి, ఊరుకుని ఉండాలి. ఆయన వినాలి. అరటిపండు తిన్నరోజు బొటనవేలు పైకెత్తాడు. ఉడికించిన గుడ్డూ రొట్టె తిన్నరోజు నిద్రొస్తోందన్నాడు, అంత నిశ్శబ్దమట. సోడా తాగినరోజు సముద్రపు ఒడ్డున కూర్చున్నట్టుందన్నాడు. శనగలు తిన్నరోజు మాత్రం హెడ్‌ఫోన్లు తీసి బల్లమీద పెట్టి, "అమ్మా, ఇది వార్తలకు పనికిరాదు, ఉరుముల నాటకానికి దాచుకుందాం," అన్నాడు. ఆమె నవ్వి నవ్వి కుర్చీ మీంచి జారింది. ఆ గదిలో ఆమె అలా నవ్వడం అదే మొదటిసారి.

ఆడపడుచు ఇవన్నీ విని, శనగలు మంచివేనని, వాటిమీద నింద వెయ్యొద్దని, రాత్రికి కాకుండా ఇంకెప్పుడైనా తినమని తీర్పు చెప్పింది. గబగబా మింగితే గాలి కూడా లోపలికి పోతుందనీ, నెమ్మదిగా నమలమనీ చెప్పింది. రాత్రి భోజనం తేలిగ్గా, త్వరగా. ఆకుకూర తప్పనిసరి. పొద్దున లేవగానే నీళ్లు, తర్వాత పాలల్లో ఉడికించిన ఓట్సూ, అందులో గుప్పెడు బాదం. కాఫీ వార్తలయ్యాకే, అదీ ఒక్కటే.

చెప్పినంత తేలిక కాదు తినడం. మొదటిరోజు పొద్దున రెండు చెంచాలకే గిన్నె పక్కకు నెట్టింది. పొద్దున కాఫీ పడని తల నొప్పితో పగిలిపోయింది. భర్త ఎదురుగా కూర్చుని, తోడుగా అదే తింటూ, "పోస్టరు అతికించే జిగురులా ఉంది, నీకోసం తింటున్నా," అన్నాడు. నవ్వులో మూడో చెంచా దిగింది. మర్నాడు ఇంకొన్ని. శనివారం నాటికి గిన్నె సగం ఖాళీ అయింది. ఆదివారం పొద్దున అలారం కంటే ముందు మెలకువ వచ్చి, ఒళ్లు హాయిగా ఉందని గమనించింది. ఎన్నాళ్లకో!

సోమవారం వచ్చింది. మేడమ్ స్టూడియోలో గోడవారన కుర్చీ వేసుకుని కూర్చుంది. అద్దం అవతల బాబాయ్. ఎర్రదీపం వెలిగింది.

భయం వచ్చింది. రాకుండా ఎక్కడికి పోతుంది? అరచేతులు చల్లబడ్డాయి, నోరు ఎండింది. ఆమె ఒక గుక్క నీళ్లు తాగి, ఊపిరి వదిలి, మొదలుపెట్టింది. మొదటి వార్త. విరామం. కడుపు ఉలకలేదు, పలకలేదు. రెండో వార్త. విరామం. ఏమీ లేదు. మధ్యలో ఎవరో తలుపు తెరిచి అప్పుడే వచ్చిన వార్త కాగితం చేతిలో పెట్టారు. ముందుగా ఒక్కసారైనా చూడని కాగితం. ఒక పేరు దగ్గర నాలుక తడబడింది. మునుపైతే అక్కడే ప్రాణం పోయేది. ఇప్పుడు ఆగి, క్షమించమని, సరిగా చదివి, ముందుకు పోయింది. ఇంత సులువా ఇది, అనుకుంది లోపల్లోపల. అద్దం అవతల బాబాయ్ కళ్లు మూసుకుని, కచేరీ వింటున్నట్టు తలూపుతున్నాడు.

ఎర్రదీపం ఆరింది. మేడమ్ లేచి వచ్చింది. బాబాయ్ కూడా లోపలికొచ్చాడు.

"చప్పుడు చెవికి తగిలితే ఒట్టు!" అంది బాబాయ్‌తో. "ఏ తీగండీ అది?"

బాబాయ్ ఆమెవైపు ఒక్క చూపు చూశాడు. "పాత లూజు కనెక్షనండీ. బిగించాను," అన్నాడు, కొండను తవ్వి ఎలుకను పట్టినవాడి మొహం పెట్టి.

అక్కడితో అయిపోయేది. ఊరుకుంటే కుర్చీ ఆమెదే. కానీ ఆ అబద్ధంలో ఇంకోరకం ముడి ఉందని ఆమెకు తెలిసింది. రేపు పొద్దున మళ్లీ దాన్ని కడుపులో పెట్టుకుని రావాలి. అంత బరువు మోసే ఓపిక ఇక లేదు.

"తీగ కాదు మేడమ్. నా కడుపు. భయంతో తినేదాన్ని కాదు. చెప్పడానికి సిగ్గుపడి బాబాయ్‌ని అనవసరంగా నేలమీద పాకించాను."

మేడమ్ ఆమెనే చూస్తూ నెమ్మదిగా కుర్చీలో కూర్చుంది.

"నేను రేడియో నాటకాలు చదివిన మొదటి ఏడు," అంది, గొంతు తగ్గించి, "ప్రతిరోజూ ప్రసారానికి ముందు వెళ్లి వాంతి చేసుకునేదాన్ని. ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు. నాకొక్కదానికే అలా అవుతుందనుకున్నాను." ఆవిడ కళ్లలో ఏదో మెరిసింది. "ఇప్పుడెలా ఉంది నీకు?"

ఆమె తన ఒళ్లంతా ఒకసారి గమనించుకుంది. చేతులు వెచ్చగా ఉన్నాయి. భుజాలు వాటి చోట అవి ఉన్నాయి. కడుపులో ముడి లేదు. దాని చోట, నెలల తర్వాత, కల్తీ లేని మామూలు ఆకలి ఉంది.

"ఆకలేస్తోందండీ," అంది.

మైకు లేకుండానే ముగ్గురికీ వినబడేలా కడుపు గుర్ర్ర్‌మంది. ఈసారి ఆమె పొట్టమీద చెయ్యి పెట్టుకోలేదు. బాబాయ్ ముందు నవ్వాడు, తర్వాత మేడమ్, ఆ తర్వాత అందరికంటే గట్టిగా ఆమె.

ఆమె కాగితాలు సర్దుకోబోతుంటే మేడమ్ చెయ్యి పట్టుకుని లేపింది.

"అవి అలా ఉండనీ. ముందు తినొద్దాం పద," అంది. "నీ కుర్చీ ఎక్కడికీ పోదు."