బ్రేకులో చెప్పిన సరే

మా ఇంట్లో ముఖ్యమైన నిర్ణయాలన్నీ సబ్బుల ప్రకటనలకీ పెయింట్ల ప్రకటనలకీ మధ్య జరిగాయి. గొప్పకు చెప్పడం లేదు. నేను కామర్స్ మానేసి కట్టుడు పళ్లు చేసే కోర్సులో చేరతానని చెప్పింది ఓ టూత్‌పేస్టు యాడ్ నడుస్తుండగా. నాన్న టీవీ మీంచి చూపు తిప్పకుండా "సరే సరే, కానివ్వు" అన్నాడు. ఈ రోజు ఊళ్లో సగం మంది ముసలివాళ్లు నా చేతి పళ్లతో నవ్వుతున్నారంటే ఆ టూత్‌పేస్టు చలవే. తమ్ముడి మోటారుసైకిలు, అమ్మ మోకాలి ఆపరేషను, వంటింటికి రెండో కిటికీ కూడా అలా పాసైనవే.

నాన్న నీటి సరఫరా ఆఫీసులో సూపరింటెండెంటుగా చేసి రిటైరయ్యాడు. కుళాయి రావడం లేదని జనం పెట్టుకునే అర్జీల్లో లోపాలు వెతకడం ఆయన ఉద్యోగం. ఆ అలవాటు ఇంటికీ వచ్చేసింది. ఊరికే కూర్చున్నప్పుడు దగ్గరకెళ్లి "నాన్నా, ఒక మాట" అన్నామా, ఇక మన పని అయిపోయినట్టే. ఎందుకు, ఎవరు చెప్పారు, ఇప్పుడే ఎందుకు, ఇన్నాళ్లూ ఏం చేశావు అంటూ మొదలుపెట్టి, మనం ఏం అడగడానికొచ్చామో మనకే గుర్తులేకుండా చేస్తాడు. అదే సీరియల్ మధ్యలో, బ్రేకు అయిపోవస్తుండగా అడిగితే ఆ మనిషే వేరు. కథ మళ్లీ మొదలవబోతోందంటే ఇల్లు రాసిమ్మన్నా "సరే సరే" అనేస్తాడు. ఒకసారి అన్న మాట వెనక్కి తీసుకోవడం ఆయనకి చేతకాదు, మాకు కలిసొచ్చింది అదే.

అందుకని మేం కథకన్నా యాడ్స్‌ని శ్రద్ధగా చూసేవాళ్లం. ముందు కార్లు, తర్వాత సబ్బులు, చివర్న ఆ చానెల్ వాళ్ల సొంత డప్పు. సొంత డప్పు మొదలైందంటే అడగాల్సిన సమయం. అమ్మ వంటింట్లోంచి చెవులతోనే కనిపెట్టేది. "ఊఁ, ఇప్పుడు పో" అని వీపు మీద చెయ్యేసి తోసేది.

ఇంత చక్కగా నడిచే సంసారాన్ని పాడుచేసింది నేనే. నాన్న రిటైరైనప్పుడు ముచ్చటపడి పెద్ద టీవీ కొన్నాను. దానికి ఓటీటీ పెట్టించాను. అదైనా ఏ చవక రకమో పెట్టించానా? యాడ్స్ అసలే రాని ప్లాను పెట్టించాను. సేల్స్ కుర్రాడు "మీ నాన్నగారికి ఎక్కడా ఆటంకం ఉండదండీ" అన్నాడు. నిజమే, ఆయనకి ఏ ఆటంకమూ లేకుండా పోయింది.

దానికి తోడు పాజ్ బటన్ ఒకటి. నాన్న అన్నిటికన్నా ముందు నేర్చుకున్నది దాన్నే. ఎవరైనా నోరు తెరిస్తే చాలు, ఠక్కున నొక్కి, కళ్లజోడు తీసి తుడుచుకుని పెట్టుకుని, "ఆఁ, చెప్పు" అంటాడు. ఇక తొందరేముంది? కథ ఎక్కడికీ పోదు. అమ్మ కర్టెన్లు మారుద్దామంది. తెర మీద ఓ నటుడు నోరు తెరుచుకుని అలా ఉండిపోయాడు, ఈయన విచారణ మొదలుపెట్టాడు. వాదనలు ముగిసేసరికి ఆ నటుడి పై వరసలో ముందు పళ్లు రెండూ తొడుగులేనని నేను తేల్చేశాను. కర్టెన్లు మాత్రం కొట్టేయబడ్డాయి. తమ్ముడు దానికి హైకోర్టు అని పేరు పెట్టాడు.

క్రమంగా ఎవరి గూట్లోకి వాళ్లు చేరారు. తమ్ముడు గదిలో చెవులకి ఇయర్‌ఫోన్లు తగిలించుకుని ఏవో కారు రేసులు. అమ్మ వంటింట్లో ఫోను గోడకి ఆనించి పాత సీరియల్, అదీ విలన్ కనిపిస్తే చాలు ముందుకి జరిపేస్తూ. "వాడి మొహం నేనెందుకు చూడాలి?" అంటుంది. విలన్ లేని ఆ సీరియల్‌లో అందరూ కారణం లేకుండా ఏడుస్తున్నట్టు ఉంటుంది. హాల్లో నాన్న ఒక్కడూ మంచుదేశం హత్యలు అనే సిరీస్ చూసుకుంటాడు. ఒకే ఇంట్లో మూడు కథలు నడుస్తున్నాయి, ఒకళ్ల కథ ఇంకొకళ్లకి తెలీదు.

అత్తయ్య మాత్రం ఏదీ చూడదు. అత్తయ్యంటే నాన్న చెల్లెలు. యాభై దాటింది, పెళ్లి కాలేదు, మాతోనే ఉంటుంది. మెయిన్ రోడ్డు మీద లాండ్రీలో కౌంటరు ఆవిడదే. ఎందుకు చేసుకోలేదని చిన్నప్పుడు అమ్మనడిగితే "కుదర్లేదు" అని గిన్నెలు గట్టిగా తోమేది.

ఓ రోజు లాబ్‌లో వేసుకునే కోటు ఉతకడానికిద్దామని వెళితే, అత్తయ్య చొక్కా కాలరుకి నంబరు చీటీ గుచ్చుతూ, తల ఎత్తకుండా, "నేను పెళ్లి చేసుకుంటున్నానే" అంది.

నేను కోటు కింద పడేశాను.

"ఎవర్ని?"

"బస్సాయన్ని."

బస్సాయన నాకు తెలుసు. స్కూలు బస్సు నడుపుతాడు. భార్య పోయి చాలాకాలమైంది. ప్రతి శనివారం బస్సు సీటు కవర్లు మూటగట్టి తెచ్చి పడేస్తాడు. అంటే మా అత్తయ్య ప్రేమ ఎనభైమంది పిల్లల వాంతుల సాక్షిగా చిగురించిందన్నమాట. ఆ మాటే అంటే చేతిలో పిన్నుతో పొడవబోయింది, కానీ నవ్వింది. అత్తయ్య అలా నవ్వడం నేనెప్పుడూ చూడలేదు. నాకు భలే సంతోషమేసింది.

"గురువారం రిజిస్ట్రారాఫీసులో. నా తరఫున సాక్షిగా అన్నయ్య నిలబడాలి."

"నాన్న ఒప్పుకోకపోతే?"

"పెళ్లి ఆగదు. కానీ ఆ గడప మళ్లీ తొక్కను. తొక్కలేనే, నా వల్ల కాదు." చీటీ వంకరగా గుచ్చి, పీకి, మళ్లీ గుచ్చింది. "అన్నయ్య లేకుండా చేసుకున్నానని ప్రతి రోజూ గుర్తొచ్చే ఇంట్లోకి ఎలా వస్తాను?"

హైకోర్టులో ఈ కేసు నిలవదు. యాభయ్యేళ్ల చెల్లెలు, డ్రైవరు పెళ్లికొడుకు, గడువు గురువారం. ఎందుకు, ఎవరు చెప్పారు, ఇన్నాళ్లూ ఏం చేశావు? ఆ చివరి ప్రశ్న అత్తయ్యని అడిగితే ఇంకేమైనా ఉందా!

ఆ సాయంత్రమే ఫోనులో మా ప్లాను మార్చేశాను. యాడ్స్ వచ్చే చవక ప్లాను. నాన్న గగ్గోలు పెడితే "కంపెనీ కొత్త రూలట, అందరికీ ఇంతే" అన్నాను. "కంప్లైంటు రాస్తా" అన్నాడు. రాశాడు కూడా. జవాబు రాలేదు. ముప్పై ఏళ్లు జనానికి తను చేసింది ఇదేనని ఆయనకి తట్టలేదు.

ఇక మిగిలింది పాజ్. దానికీ మందు ఉంది. మంచుదేశం హత్యలు చివరి భాగం చూసే సాయంత్రం, నాన్న దాన్ని పెట్టి, ఆ మంచు చూస్తే చలేస్తుందని సాక్సులు వెతుక్కుంటుండగా రిమోట్‌లోంచి బ్యాటరీలు తీసి అత్తయ్య చేతిలో పెట్టాను.

"బ్రేకు అయిపోవస్తుండగా నేను గిల్లుతాను. ఒక్క ముక్కలో చెప్పెయ్. ఆయన 'సరే సరే' అంటాడు. లేచి వెళ్లిపో. అంతే."

"అంతేనా?" అంది అత్తయ్య అదోలా చూస్తూ.

"అంతే. నా చదువు, వాడి బండి, అమ్మ మోకాలు అలాగే అయ్యాయి."

అత్తయ్య బ్యాటరీలని గుప్పిట్లో బిగించింది.

ఆ రోజు ఎన్నో నెలల తర్వాత అందరం హాల్లో కూర్చున్నాం. అమ్మ విలన్ని కూడా భరించడానికి సిద్ధపడి వచ్చింది. తమ్ముడు ఇయర్‌ఫోన్లు మెడలో వేసుకొచ్చాడు. నాన్నకి అనుమానం రావలసింది, కానీ తన హత్యలంటే అందరికీ ఇంత ఇష్టమని మురిసిపోయాడు.

హంతకుడు ఎవరో ఇన్‌స్పెక్టరుకి తెలిసిపోయింది. మంచులో పడుతూ లేస్తూ ఓ చెక్క ఇంటి దగ్గరకి వెళ్లింది. తలుపు మీద చెయ్యి వేసింది. యాడ్స్.

నాన్న తిట్టుకుంటూ రిమోట్ నొక్కాడు. పనిచెయ్యలేదు. తొడ మీద కొట్టి నొక్కాడు.

"బ్యాటరీలు అయిపోయుంటాయి, రేపు తెస్తాలే" అన్నాను.

తెర మూలన అంకె తగ్గుతూ వస్తోంది. ఇదివరకు కార్లు, సబ్బులు లెక్కపెట్టుకునేవాళ్లం, ఇప్పుడు వాళ్లే చెప్పేస్తున్నారు. అంకె బాగా తగ్గాక అత్తయ్య మోచేతి మీద గిల్లాను.

"అన్నయ్యా."

"ఊఁ."

"నేను పెళ్లి చేసుకుంటున్నాను. స్కూలు బస్సు నడిపే ఆయన్ని. గురువారం రిజిస్ట్రారాఫీసులో. నువ్వు సాక్షిగా రావాలి."

ఇన్‌స్పెక్టరు తలుపు తోసింది. నాన్న ముందుకి వంగాడు.

"సరే సరే, కానివ్వు."

అయిపోయింది! అమ్మ నోరు తెరుచుకుని నా వైపు చూసింది. తమ్ముడు సోఫా వెనక బొటనవేలు ఎత్తి చూపించాడు. నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. లేవమన్నట్టు అత్తయ్యకి సైగ చేశాను.

అత్తయ్య లేవలేదు. నాన్న ఒళ్లోంచి రిమోట్ తీసుకుంది. గుప్పిట విప్పి బ్యాటరీలు ఒక్కోటీ వేసింది. మొదటిది తిరగేసి వేసింది, తీసి సరిగ్గా వేసింది. మూత పెట్టి పాజ్ నొక్కింది. తెర మీద చెక్క గది, నేల మీద రెండు బూట్లు. ఆ బూట్లలో ఎవడున్నాడో ఇంకా చూపించలేదు.

"ఈ సరే నాకొద్దన్నయ్యా."

"అత్తయ్యా!" అన్నాను. దొరికిన వరాన్ని కాలదన్నుకుంటోందీ మనిషి.

"నువ్వుండవే." నాన్న వైపు తిరిగింది. "నా ఇరవై నాలుగో ఏట ఓ సంబంధం వచ్చింది, గుర్తుందా? వాళ్లు సాయంత్రానికల్లా మాట చెప్పమన్నారు. నాకు ఇష్టమేనని వదినకి చెప్పాను. వదిన బ్రేకులో నిన్నడిగింది."

నాన్న అమ్మ వైపు చూశాడు. అమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుంది.

"నువ్వు ఆలోచిస్తుండగానే సీరియల్ వచ్చేసింది. 'ఇప్పుడొద్దని చెప్పు' అన్నావు. నేను ఫోను పక్కన నిలబడి ఉన్నాను. వాళ్లతో వదిన ఆ ముక్కే చెప్పింది. మళ్లీ వాళ్లు చెయ్యలేదు, నువ్వూ అన్న మాట వెనక్కి తీసుకోలేదు."

"నాకు... గుర్తు లేదమ్మాయ్."

"ఆ రోజు సీరియల్‌లో కోర్టు సీను వస్తోంది. బోనులోకి ఓ అమ్మాయి వచ్చింది."

"కవల చెల్లెలు!" అన్నాడు నాన్న టక్కున. "కథంతా ఆ రోజే కదా తిరిగింది..."

అక్కడ ఆగిపోయాడు. సీరియల్‌లో చెల్లెలు వచ్చిన రోజు గుర్తుంది, తన చెల్లెలికి సంబంధం వచ్చిన రోజు గుర్తు లేదు. అది ఆయనకే వినిపించినట్టుంది. కళ్లజోడు తీశాడు గానీ తుడుచుకోలేదు, అలా పట్టుకుని కూర్చున్నాడు. నాకు ఆయన మీద కోపమొచ్చింది, అంతలోనే జాలీ వేసింది. కట్టుడు పళ్లు తీసేసిన మనిషిలా ఒక్కసారిగా ముసలివాడైపోయాడు.

కాసేపటికి తనకి చేతనైన పనే మొదలుపెట్టాడు.

"మనిషి ఎలాంటివాడు?"

"నెమ్మదస్తుడు."

"తాగుతాడా?"

"పిల్లల బస్సు నడిపే మనిషన్నయ్యా."

"సొంతిల్లా?"

"అద్దె. రెండు గదులు."

"ఏం చూస్తాడు?" అన్నాడు. మా నాన్న దృష్టిలో మనిషి గుణం తేలిపోయే ప్రశ్న అది.

"ఏమీ చూడరు. ఆయనకి టీవీ లేదు. రోజంతా బస్సులో ఎనభైమంది గోల, ఇంట్లో కూడా ఎందుకంటారు."

నాన్న నిజంగానే కంగారుపడ్డాడు. "మరి సాయంత్రాలు ఏం చేస్తారు?"

"మాట్లాడుకుంటాం."

అత్తయ్య దాన్ని దెప్పిపొడుపుగా అనలేదు. అడిగినదానికి జవాబు చెప్పింది, అంతే. అందుకే మా అందరికీ తగిలింది. తమ్ముడు మెడలోంచి ఇయర్‌ఫోన్లు తీసి జేబులో పెట్టుకున్నాడు. నేను వాణ్ణి అంత దగ్గర్నుంచి చూసి ఎన్నాళ్లయిందో, గడ్డం పెంచుతున్నాడని అప్పుడే తెలిసింది.

నాన్న లేచాడు. గోడ దగ్గరకి వెళ్లి స్విచ్చి కట్టేశాడు. బూట్లు మాయమయ్యాయి.

"ఏమండీ, వాడెవడో చూసి కట్టెయ్యొచ్చుగా" అంది అమ్మ కళ్లు తుడుచుకుంటూ.

"అది ఆగుతుంది." నాన్న వచ్చి తన కుర్చీలో కాకుండా అత్తయ్య పక్కన సోఫాలో కూర్చున్నాడు. "అప్పట్లో ఆగేది కాదు. అందుకని నిన్ను ఆపేశాను."

రిమోట్ అత్తయ్య ఒళ్లోనే ఉంది. నాన్న దాన్ని తీసుకోలేదు, ఆవిడ చెయ్యి పట్టుకున్నాడు.

"గురువారం ఎన్నింటికి?"

"పదింటికి."

"వస్తాను," అన్నాడు. "ఇప్పుడు మొదట్నించీ చెప్పు. ఏదీ దాటెయ్యకుండా."