కుంటకుండా నడిచినవాడు

హృషీకేశ్ కారిడార్ చివరిదాకా నడిచి వెనక్కి వచ్చాడు. ఎక్కడా కుంటలేదు. బెంచీ మీద కూర్చున్న తండ్రి రామానుజాచార్యులు తృప్తిగా తలాడించాడు. కొడుకు జబ్బు కన్నా నడకే ముఖ్యమన్నట్టున్న ఆ తృప్తి చూసి కమలినికి ఒళ్లు మండింది.

తిరుపతిలోని ఆ ఆసుపత్రిలో ఆమె ఫిజియోథెరపిస్టు. రక్తం గడ్డకట్టని జబ్బున్నవాళ్ల కీళ్లు ఏడాదికోసారి పరీక్షించి, ఎంత పాడయ్యాయో నంబరు వేయడం ఆమె పని. నంబరు ఎక్కువున్నవాళ్లకే రక్తస్రావం రాకుండా వారంవారం ఇంజెక్షన్ దొరుకుతుంది. జబ్బు ముదిరినదే అయినా పోయినేడు హృషీకేశ్‌కి నంబరు తక్కువొచ్చి జాబితాలో పేరెక్కలేదు.

మంచం మీద పడుకోబెట్టి పంచె పైకి జరిపింది. కుడి మోకాలు కుండలా ఉబ్బింది. పైన తొడ ఎండిపోయింది. కొలిచి చూస్తే కాలు సగం కూడా ముడుచుకోలేదు, పూర్తిగా చాచుకోనూ లేదు. ఈ కాలితో కుంటకుండా ఎలా నడిచావని అడిగింది.

జవాబు తండ్రి అందుకున్నాడు. పూతలపట్టు దగ్గర వాళ్లది తరతరాల గుడి కైంకర్యం. అవయవలోపం ఉన్నవాడు గర్భగుడిలో అడుగు పెట్టకూడదని వాళ్ల పట్టింపు. అందుకని పిల్లవాడి ఐదో ఏటినుంచే వసారాలో ముగ్గుపిండితో గీత గీసి నడిపించాడట. కుంటితే మళ్లీ మొదటినుంచి.

"ఇరవై ఏండ్లు కష్టపడి నేర్పించినాను తల్లీ. వచ్చే నెల వీడికి స్వామి సేవ అప్పగిస్తా ఉండాను. కాలు బాగుండాదని రాసేయమ్మా."

మోకాటి లోపల రక్తం కారుతున్నా గీత మీద నడిపించిన మనిషి! అతని చేతుల గంధం వాసన కూడా కమలినికి రోత పుట్టించింది. ఈ నటన వల్ల ఏం పోయిందో చూపించి నాలుగు దులుపుదామని పోయినేటి కాగితం బయటికి లాగింది.

మడత, వాపు, కండ, అన్నిటికీ ఎదురుగా సున్నాలే. ఆ రోజు నలభై మంది వచ్చారు. నడక బాగున్నవాళ్లను మంచమెక్కించకుండానే సున్నాలు చుట్టి పంపేశారు. కింద సంతకం తనదే.

ముసలాయన మీద పుట్టిన రోత ఇప్పుడు తన మీదికే తిరిగింది. ఆయన ఇరవై ఏళ్లు దాచినదాన్ని తాను రెండు నిమిషాలైనా వెతకలేదు.

హృషీకేశ్ ఆ సున్నాల కేసి చూసి, మంచం దిగి పంచె సర్దుకున్నాడు.

"మేడం, ఇంకోసారి నడస్తాను. ఈసారి కాలు ఎట్ల పోతే అట్ల నడస్తాను."

నాలుగడుగులకే ఒరిగిపోయి గోడ పట్టుకున్నాడు. రామానుజాచార్యులు మొహం తిప్పుకున్నాడు. కమలిని మాత్రం కారిడార్ చివరిదాకా ప్రతి అడుగూ చూసింది.