గడియారానికీ విగ్గుకూ చుట్టరికం

నా బావమరిది ఉదయ్‌కుమార్ బట్టతల సంగతి బయటపడకుండా చూసే పని నా భార్య నా నెత్తిన పెట్టింది. గాజువాకలో మంచి విగ్గు కొనిపించాను. అందరి చూపూ వాడి చేతి మీదికే పోవాలని నా పెద్ద వాచీ తొడిగాను. పెందుర్తికి పెళ్ళిచూపులకు బయల్దేరాం.

"ముందే నిజం సెప్పేద్దాం బావా," దారంతా వాడిది ఒకటే గొణుగుడు.

"నోర్ముయ్‌రా! ఇప్పటికే రెండు సంబంధాలు తప్పిపోనాయి," అని కసిరాను.

పెళ్ళికూతురు సత్యశ్రీ స్పానిష్ నేర్చుకుని, స్పెయిన్ కస్టమర్లతో ఫోన్లో మాట్లాడే ఉద్యోగం చేస్తోంది. కాఫీలిచ్చి కూర్చుంది. మాటలు సాగక మావాడు వాచీ తిప్పుకుంటూ ఉంటే, "బాగుందండీ మీ పెలూకో," అంది నవ్వుతూ.

"ఏటండీ అది?"

"స్పెయిన్‌లో కుర్రాళ్ళు వాచీని అలాగంటారు. ఆ మాటెలా పుట్టిందో గట్టిగా ఎవరికీ తెల్దు. పెలూకా అంటే మాత్రం విగ్గు. పూర్వం వాళ్ళ బంగారు నాణెం మీద విగ్గు పెట్టుకున్న రాజుగారి బొమ్మ ఉండేదట, అందుకని నాణేన్నే విగ్గు పేరుతో పిలిచేవారట. అక్కణ్ణుంచి వాచీకి పాకిందేమోనని నా అనుమానం. ఆ రాజుకి అసలు జుత్తుందో లేదో పాపం!"

మావాడికి ముచ్చెమటలు పోశాయి. "టిఫిన్ బ్రహ్మాండంగా ఉందమ్మా!" అని అరిచాను. టిఫిన్ ఇంకా పెట్టనేలేదు.

అంతలో వాడు చటుక్కున విగ్గు పీకి ఒళ్ళో పెట్టుకున్నాడు.

"ఓలమ్మో!" అంటూ పిల్ల తల్లి దేముడమ్మ లేచి నిలబడింది.

నేను ఊరుకుంటానా? "మొన్ననే సింహాచలం అప్పన్నకి తలనీలాలిచ్చేడమ్మా! మొక్కు!"

సత్యశ్రీ వాడి తలకేసి పరీక్షగా చూసింది. "సుట్టూ జుత్తలాగే ఉందేటండీ? అప్పన్నకి మధ్యలోదే ఇచ్చేరా?"

దేముడమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. నాకు తల కొట్టేసినట్టయింది.

"మొక్కూ లేదు, ఏటీ లేదండీ. ఊడిపోయింది," అన్నాడు ఉదయ్. "ముందే సెప్పాల్సింది, భయమేసింది. మీకిష్టం లేకపోతే ఎల్లిపోతాం."

వాడి మీద ఒళ్ళు మండింది, జాలీ వేసింది. సత్యశ్రీ తల్లివైపు తిరిగి, "అమ్మా, నాకీయన నచ్చేరు," అంది.

హమ్మయ్య అనుకున్నాను.

"ఒక్క మాటండీ," అంది ఉదయ్‌తో. "మాటలకొచ్చేటప్పుడు మీ అక్కగారిని తీసుకురండి. అప్పన్న పేరు సెప్పి అబద్ధమాడిన ఈయన్ని మాత్రం వద్దు."

సొంత బావని కదా, నా తరఫున ఒక్క ముక్కయినా అంటాడని వాడికేసి చూశాను.

"అలాగేనండీ," అన్నాడు వెధవ, క్షణం కూడా ఆలోచించకుండా.