కొళాయి ధార

ముందే ఒప్పేసుకుంటున్నా: ఈ కథలో షహీన్‌కు కోపం రాదు. తెప్పిద్దామని చాలా చూశాను, నా వల్ల కాలేదు.

హిందూపురంలో ఒక గిన్నెల సబ్బు కంపెనీకి ఆమె పోస్టర్లు చేస్తుంది. ఇంకా టెంపరరీనే. ఈ మహిళా దినోత్సవానికి కంపెనీ 'సగం పని నాది' అని ప్రచారం పెట్టుకుంది. సబ్బు కొంటే ఆ డబ్బులో కొంత ఆడవాళ్ళ సంక్షేమానికి పోతుందట. గిన్నెలు తోమే మగవాడి వీడియో ఒకటి కావాలి.

"మోడలెందుకులేమ్మా, మీ ఆయన బాగుంటాడు గదా. ఇది బాగొస్తే నిన్ను పర్మనెంటు చేపిస్తా" అన్నాడు మేనేజరు రామాంజి.

ఆమె మొగుడు యూనస్ తాగిన టీ గ్లాసు కూడా ఎత్తిపెట్టే రకం కాదు. "ఇంట్లో కూచోని ల్యాప్‌టాప్ నొక్కేదానికి అలుపేంది నీకి?" అంటుంటాడు. వీడియో అనగానే ఇస్త్రీ చొక్కా వేసుకున్నాడు. అత్త జమ్రూద్‌కు కళ్ళు చెమర్చాయి. "చూస్తివా, నీ ఉద్యోగం కోసరం నా కొడుకు అంటు బోకులు గూడా ముడుతుండాడు!"

షహీన్ పొద్దున్నే గిన్నెలన్నీ తళతళా తోమింది. తర్వాత రామాంజి చెప్పినట్టు వాటికి టమాటా సాసు పూసింది. నిజం మురికి కెమెరాకు బాగుండదట.

వెలుతురు బాగుందని వాకిట్లో కొళాయి దగ్గర షూటింగు పెట్టారు. కొళాయి తిప్పితే గాలి వచ్చింది. మున్సిపాలిటీ నీళ్ళు ఎల్లుండి గానీ రావు. ఉన్నవన్నీ డ్రమ్ముల్లోనే. ఈ కొళాయికి నీళ్ళిచ్చే మిద్దె మీది ట్యాంకూ ఎండిపోయింది. మగ్గుతో పోసుకోమని షహీన్ అంటే రామాంజి ఒప్పుకోలేదు.

"పేద కొంప మాదిరి కనపడ్తాదమ్మా. ధార పడాల."

అందుకని షహీన్ డ్రమ్ములో బకెట్టు ముంచుకుని, మిద్దెక్కి, ట్యాంకులో పోసింది. దిగింది, మళ్ళీ ఎక్కింది. ఆ నీళ్ళే కింద ఆమె మొగుడి చేతుల మీద ధారగా పడుతున్నాయి. కెమెరాలో ఆమె లేదు. మెట్ల మీద ఆమె పోస్టరుకు ఏ రంగు అక్షరాలు బాగుంటాయా అని ఆలోచిస్తోంది. ఒకసారి నీళ్ళు పోశాక పిట్టగోడకు ఆనుకుని కూర్చుంది. లేవాలనిపించలేదు, అంతే.

ధార సన్నబడి ఆగింది.

"షహీన్! నీళ్ళు నిల్చిపాయె! నురగ చేతుల్తో ఎంతసేపుండాల ఈడ?" కింద నుంచి యూనస్ అరిచాడు.

"ఇంగొక్క షాటే తల్లీ. పర్మనెంటు సంగతి యాదుండాదా?" రామాంజి.

షహీన్ పిట్టగోడ మీంచి తల వంచి, ఉప్పు అందించమని అడిగేంత మామూలుగా అంది: "సగం నేను మోసినా. మిగతా సగం నువ్వు మోసుకోని రా."

కెమెరా తిరుగుతూనే ఉంది. యూనస్ రామాంజి వైపు చూశాడు. రామాంజి జమ్రూద్ వైపు చూశాడు. డ్రమ్ము పక్కనే ఇంకో బకెట్టు ఉంది. దాని వైపు ఎవరూ చూడలేదు.

షహీన్ పర్మనెంటు కాలేదు. వీడియో మాత్రం వచ్చింది, వేరే ఎవరి మొగుడితోనో. ఆ రోజు ఆమె ఎండ పోయేదాకా కిందికి దిగలేదు. మీరూ ఎప్పుడైనా ఇలా బకెట్టు పక్కన పెట్టి కూర్చుని ఉంటే, నాకు రాయండి. మిద్దె మీద ఆమె పక్కన బోలెడంత చోటుంది.