నీళ్ల ట్యూబు సాక్ష్యం

బావ మెదడులో గడ్డకు కారణం, జ్వరం తగిలినప్పుడల్లా అక్క పెదవి మీద లేచే పొక్కేనని అక్క అత్తగారు తేల్చేశారు. ఆవిడకు చెప్పింది పేపరు. పేపరుకు చెప్పింది ప్రొఫెసరు. ఆ పొక్కు వైరస్ గడ్డల్లో కనబడుతోంది, ఇంకా చూడాలి అని ఆయనంటే, "ఇంకా చూడాలి"ని పేపరు మింగేసింది. మిగిలింది అత్తగారికి కోడలి మీదికి సరిగ్గా సరిపోయింది.

ఎల్లుండి ఆపరేషను. ఆస్పత్రి గదిలో అక్క కుర్చీ తలుపు దగ్గరికి జరిగింది. మొగుడి చెయ్యి పట్టుకోవడానికి కూడా వీల్లేదు.

పేపర్లో పడిన ఆ పరీక్షలు చేసింది చెల్లెలే. ప్రొఫెసరు దగ్గర టెక్నీషియను మరి. గడ్డ ముక్కల ట్యూబుల పక్కన ఉత్త నీళ్ల ట్యూబొకటి పెట్టాలి. అందులో వైరస్ కనబడితే తప్పు పరీక్షదేనని గుర్తు. రసాయనం దండగని ప్రొఫెసరు దాన్ని ఎప్పుడో ఎత్తేయించారు. చెల్లెలు ఈసారి అడక్కుండానే పెట్టింది.

నీళ్లలోనూ వైరస్ వచ్చింది.

ప్రొఫెసరుగారికి మాస్కు గడ్డం కిందికి లాక్కుని, మూత తీసిన ట్యూబుల మీదికి వంగి ఉపన్యాసమివ్వడం అలవాటు. ఆయన పై పెదవి మీద కందిగింజంత పొక్కు ఉంది. ఆయన మీటింగుకు వెళ్లాక చెల్లెలు కొత్త ముక్కలతో మళ్లీ మొదలుపెట్టింది. ఈసారి గడ్డల్లో ఏమీ లేదు. నీళ్లకూ నయమైపోయింది.

రెండు పరీక్షల కాగితాలూ ముందు పెడితే ఆయన, "నీళ్లు మార్చి చూడమ్మా" అన్నారు. తన పేరు కనబడిన చోటల్లా సంతకం పెట్టే మనిషి కాబట్టి రెంటి మీదా పెట్టేశారు.

అత్తగారికి సంతకమంటే గురి. ఆస్పత్రి గదిలో చెల్లెలు అందించిన కాగితాలు అటూ ఇటూ తిప్పి చూశారు. చెల్లెలు విషయమంతా చెప్పి, మెల్లిగా అడిగింది.

"నీళ్లకూ వచ్చింది అత్తయ్యగారూ. మా అక్క వాటికీ ముద్దు పెట్టిందంటారా?"

గుండు గీయించుకున్న బావ దుప్పటి కింద ఊగిపోతూ నవ్వాడు. అక్క ఎవరి అనుమతీ అడగలేదు. కుర్చీని మంచం దాకా బరబరా లాక్కొచ్చి, అతని చెయ్యి పట్టుకుంది.

అత్తగారు ఆ చేతులకేసి చూసి, కాగితాలు మడిచారు.

"అయితే ఆ ప్రొఫెసరుకి అంటించింది వాళ్లావిడేనన్నమాట."