కమల చెప్పుకున్న ప్రార్థన విన్నపం

వైశాలి పార్సిల్ బెల్టు పక్కనే కుప్పకూలింది. అయినా బెల్టు ఆగలేదు. "కానివ్వండి, కానివ్వండి, లారీ వెళ్ళిపోవాలి" అంటూ షిఫ్ట్ లీడర్ కనకయ్య చెయ్యి ఊపుతూనే ఉన్నాడు. ఒళ్ళు కాలిపోతున్న పిల్లను తోటి పనివాళ్ళు కమల, విక్రాంత్ మోసుకెళ్ళి బయట బెంచీ మీద పడుకోబెట్టారు. మర్నాడు కరోనా అని తేలింది. క్వారంటైన్‌లో మూలుగుతున్న మనిషికి కాంట్రాక్టరు కబురు పంపాడు. ఇక పనికి రావక్కర్లేదట, కంపెనీ గది కూడా ఖాళీ చెయ్యాలట!

చదువుకునే తమ్ముళ్ళూ చెల్లెళ్ళూ, మీరు జబ్బుపడ్డ మనిషిని వీధిలోకి గెంటే న్యాయం ఎక్కడిదని అడుగుతారేమో. చట్టం ఉంది. అది జర్మన్‌లో ఉంది, మనవాళ్ళ భయం తెలుగులో ఉంది. జర్మనీలోని పాడర్‌బోర్న్‌లో మాస్టర్స్ చదువుతూ ఆ పార్సిల్ షెడ్డులో డబ్బాలు మోసే పిల్లలందరికీ వీసా భయమే.

విక్రాంత్ అందర్నీ పార్కులో కూడేశాడు.

"ఇయ్యాల వైశాలి, రేపు మనం. సోమారం పొద్దుగాల బెల్టు బంద్ వెడ్దాం. పిల్లను మళ్ళ తీస్కునేదాంక ఒక్క డబ్బా ముట్టద్దు."

"నాకు ఈ నెల్లోనే వీసా ఆఫీసులో టెర్మిన్ తేదీ ఉందిరా బాబూ, ఇప్పుడీ గొడవలేంటి?" అన్నాడు సుమంత్.

"గొడవ మనం వెట్టినమా? వాళ్ళు వెట్టిన్రు. ఒస్తే రా, లేకుంటే నోరు మూస్కో. ఎవలూ బయట జెప్పొద్దు."

కమల ఎవరికీ చెప్పలేదు. దేవుడికి తప్ప.

ఆ రోజుల్లో తెలుగు క్రైస్తవ సహవాసం ఆదివారాలు జూమ్‌లో కలిసేది. దాని పెద్ద ఎవరనుకున్నారు? మన కనకయ్యే. వారమంతా షెడ్డులో అదిలించే గొంతే ఆదివారం వాక్యం చెప్పేది. ఆరాధన చివర ఒక్కొక్కరూ ప్రార్థన విన్నపాలు చెప్పుకుంటారు. ఒకరికి పరీక్ష, ఒకరికి అమ్మ షుగరు. ఒంగోలు పక్క పల్లె చర్చిలో పెరిగిన కమలకు ఆ వేళ మనసులో ఏదీ దాచుకోకూడదన్నదే తెలుసు. "రేపు పొద్దున విక్రాంత్‌తో కలిసి బెల్టు ఆపబోతున్నామండీ. వైశాలికి న్యాయం జరగాలని ప్రార్థించండి" అంది. కనకయ్యే కళ్ళు మూసుకుని ప్రార్థన అందుకున్నాడు. ఆయన గొంతు వణికితే ఆమెకు ఏడుపొచ్చింది.

సోమవారం పొద్దున మంచు కురుస్తోంది, విక్రాంత్ కార్డుకు గేటు తెరుచుకోలేదు. ఇద్దరు గార్డులు అతన్ని పక్కకు నెట్టారు.

"ఎవల్ జెప్పిన్రు? నాకు తెల్వాలె!"

గేటు దగ్గరే నిలబడ్డ కనకయ్య ఆమెను పక్కకు పిలిచి, గొంతు తగ్గించి, "నీ పేరు చెప్పలేదమ్మా. మన సంఘం బిడ్డవని కాపాడుకున్నా. యజమానులకు లోబడి ఉండాలి కదా" అన్నాడు.

"నేను దేవుడికి చెప్పుకున్నా, అన్నా. దేవుడికంటే ముందు కాంట్రాక్టరుకి నా మాట నువ్వు మోస్తావా?"

ఛీ! శత్రువు కొడితే తట్టుకోవచ్చు, తోడు మోకరించినవాడే నట్టేట ముంచితే ఏం చెయ్యాలి? కమల గోడకానుకుని వెక్కి వెక్కి ఏడ్చింది. ఇన్నేళ్ళు నమ్మిన దేవుడు కూడా కనకయ్య మనిషేనా అనిపించింది. అప్పుడు గుర్తొచ్చింది, ప్రభువును పట్టించినవాడు కూడా ఆయనతో ఒకే బల్ల దగ్గర తిన్నవాడే. ముద్దు పెట్టి మరీ పట్టించాడు. మరి ప్రభువు ఎవరి పక్కన నిలిచాడు? ఊరి బయటికి గెంటబడ్డవాళ్ళ పక్కన. అంటే ఇవాళ ఆయన ఉన్నది షెడ్డులో కాదు, ఈ మంచులో, గేటుకు ఇవతల. కమల కళ్ళు తుడుచుకుంది.

విక్రాంత్ దగ్గరికి వెళ్ళి ఉన్నదున్నట్టు చెప్పేసింది. "ప్రార్థనలో నేనే చెప్పా."

"నీ దేవుడు మమ్ముల ముంచిండు గదక్కా!"

"దేవుడు కాదు తమ్ముడూ, కనకయ్య. నా దేవుడు వడ్రంగం చేసుకు బతికినోడు, పెద్దలు కలిసి చంపించినోడు. ఒక అవయవం నొస్తే ఒళ్ళంతా నొవ్వాలని నేర్చుకున్నా. లోపలికి రానివ్వకపోతే పోనీ, లారీల దారి ఇక్కడే ఉందిగా."

లారీలు బయటికొచ్చే గేటు ముందు, మంచులో మోకరించింది. "నాకు మొక్కుడు రాదు" అంటూనే విక్రాంత్ కాస్త దూరంలో మోకాళ్ళ మీద కూర్చున్నాడు. లోపల్నుంచి, బెల్టు మీద పనిచేసే రొమేనియా ఆడవాళ్ళు గ్లౌజులు విసిరేసి వచ్చి శిలువ గుర్తు వేసుకున్నారు. చివరికి సుమంత్ కూడా మాస్కు సర్దుకుంటూ వచ్చాడు. షెడ్డులో ఏనాడూ దక్కని దూరాన్ని మనిషికీ మనిషికీ మధ్య వాళ్ళే పాటించారు. లారీ హారన్ కొట్టీ కొట్టీ ఊరుకుంది.

పోలీసులొచ్చారు. ఈ రోజుల్లో గుంపు కూడటం నేరమన్నారు. కనకయ్య వేలెత్తి చూపిస్తే కమలను రెక్కలు పట్టుకుని లేపి బండెక్కించారు. ఆమె తల దించలేదు.

బండి కదిలాక కనకయ్య పరుగున వచ్చాడు. "లేవండి నాయనా, అయిపోయింది కదా! మీకు దణ్ణం పెడతా, లేవండి!"

ఒక్కరూ లేవలేదు. విక్రాంత్ తలెత్తి చూశాడు.

"ఆమెన్ అనేదాంక లేవద్దంట గదనే? అక్కను ఇడవాలె, వైశాలిని పన్ల వెట్టుకోవాలె. అప్పుడంటం. మా ప్రార్థన ఇంకా అయిపోలే."